గోలో హ్యాండిక్యాప్ ఆటలు: ముందుగా పెట్టిన రాళ్లను ఎలా వాడుకోవాలి

నల్ల, తెల్ల రాళ్లతో గళ్ల బోర్డు మీద చోటు చుట్టుకునే గో ఆటలో మీరు దాదాపు 10 క్యూ స్థాయిలో (క్యూ సంఖ్య తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది) ఉన్నారనీ, 3 క్యూ స్థాయి మిత్రుడు హ్యాండిక్యాప్‌గా, అంటే ఆటకు ముందే మీరు బోర్డు మీద పెట్టుకునేందుకు, ఏడు రాళ్లు ఇచ్చి ఆడుతున్నా ఎక్కువ ఆటల్లో మీరే ఓడిపోతున్నారనీ, హ్యాండిక్యాప్ ఆటలకు అలవాటు పడితే ఆట పాడవుతుందని ఇంకొకరు చెప్పడంతో ఇకపై సమాన స్థాయి వారితోనే ఆడాలా అన్న సందేహం కలిగిందనీ రాశారు. మానవద్దని నా సలహా. చేతిలో ఉన్న ఆధిక్యాన్ని తనకన్నా బలమైన ప్రత్యర్థి ఎదుట ఎలా నిలుపుకోవాలో, దానిని ఎలా ఖర్చు పెట్టాలో హ్యాండిక్యాప్ ఆట నేర్పినంత బాగా మరే సాధనా నేర్పదు. అయితే మీరు వర్ణించిన తీరును బట్టి చూస్తే, ఆ ఏడు రాళ్లను మీరు కాపాడుకోవలసిన భూభాగంగా చూస్తున్నారు. అవి దాడికి ఉపయోగపడే బలగం. మీ ఓటములకు మూలం అక్కడే ఉందని నా అంచనా, కాబట్టి ఈ సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

మొదట ఆ రాళ్ల విలువ ఎంతో లెక్క చూద్దాం. సమాన ఆటలో నలుపు ముందు ఆడుతుంది కాబట్టి తెలుపుకు పరిహారంగా కోమి ఇస్తారు. అది జపాన్, కొరియా నియమాల్లో 6.5 పాయింట్లు, చైనా నియమాల్లో 7.5 పాయింట్లు. అంటే ఖాళీ బోర్డు మీద ముందుగా ఆడే అవకాశం విలువ దాదాపు 7 పాయింట్లు. ఆ అవకాశం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారితే వచ్చే తేడా దానికి రెట్టింపు, కనుక ఆరంభంలో ఒక అదనపు రాయి సుమారు 14 పాయింట్లకు సమానం. హ్యాండిక్యాప్ ఆటలో నలుపు రాళ్లు పెట్టిన తరువాత మొదటి ఎత్తు తెలుపుది. కోమి ఉండదు, లేదా ఆట సమం కాకుండా చూడడానికి అర పాయింటు మాత్రం ఉంటుంది. ఈ కారణంగా రెండు రాళ్లంటే అసలు ఆధిక్యం ఒకటిన్నర రాయి, ఏడు రాళ్లంటే ఆరున్నర రాళ్లు. పాయింట్లలోకి మార్చితే ఏడు రాళ్లు దాదాపు 90, తొమ్మిది రాళ్లు దాదాపు 120. కోమి లేకుండా నలుపు ముందు ఆడే ఆటను కొందరు ఒక రాయి హ్యాండిక్యాప్ అంటారు గాని, ఈ లెక్కలో అది అర రాయి మాత్రమే.

ఇప్పుడు ఆ 90 పాయింట్లను ఆట పొడవునా పంచి చూడండి. ఆట 250 ఎత్తుల వరకు సాగితే అందులో మీవి 125. మీ మిత్రుడు గెలవాలంటే మీ ఒక్కొక్క ఎత్తు దగ్గర సగటున ముప్పావు పాయింటు కన్నా కొంచెం తక్కువ సంపాదిస్తే చాలు. ఆయన అద్భుతాలేవీ చేయనక్కరలేదు, మీరు కాస్త చిన్నదైన ఎత్తును ఎంచుకున్న ప్రతిసారీ ఆ తేడా ఆయన ఖాతాలో చేరుతూ ఉంటుంది. మరో కోణం నుంచి చూస్తే ఇదే లెక్క మీకు ధైర్యాన్ని కూడా ఇస్తుంది. 100 ఎత్తుల దగ్గర మీ ఆధిక్యం 90 నుంచి 55కు తగ్గి ఉంటే ఆట మీ చేతిలో నుంచి జారిపోలేదు, అనుకున్న వేగంతోనే తరుగుతోంది. ఏడు రాళ్లు తీసుకునే చాలామంది మొదటి నష్టం జరగగానే కంగారుపడి, పోయిన ఇరవై పాయింట్లను వెంటనే రాబట్టుకోవాలని ఎక్కడో అక్కర లేని పోరాటం మొదలుపెట్టి, ఇంకో నలభై పోగొట్టుకుంటారు. ఆధిక్యం కరగడం ఈ ఆటలో మామూలు విషయమేనని ముందే తెలిసి ఉంటే ఆ రెండో నష్టం తప్పుతుంది.

ఇక అసలు జబ్బు దగ్గరికి వస్తాను. తెలుపు ఒక మూలను సమీపిస్తుంది, నలుపు జవాబిస్తుంది. తెలుపు అక్కడ ఇంకొక ఎత్తు వేస్తుంది, నలుపు మళ్లీ జవాబిస్తుంది. తెలుపు ఆ చోటు వదిలి రెండో మూలకు వెళ్తుంది, అక్కడా ఇదే తంతు. ఇలా నాలుగు మూలలూ పూర్తయ్యే సరికి నలుపుకు నాలుగు మూలల్లోనూ పదేసి, పన్నెండేసి పాయింట్లు ఉంటాయి. బయట ఉన్న ప్రతి తెల్ల గుంపూ స్థిరపడి ఉంటుంది. పక్కల్లోనూ నడిమిలోనూ ముందుగా పెట్టిన నల్ల రాళ్లు ఒంటరిగా, ఎవరికీ పనికిరాకుండా మిగిలిపోతాయి. వానాకాలంలో కారే ఇంట్లో నీటిచుక్క పడిన ప్రతిచోటా గిన్నె పెట్టుకుంటూ తిరిగేవారి పరిస్థితి ఇది: చేసే పని ప్రతీదీ అవసరంగానే కనిపిస్తుంది, ఎక్కడ ఏం చేయాలో మాత్రం పైకప్పే నిర్ణయిస్తుంది. విడివిడిగా చూస్తే ఆ జవాబుల్లో ఒక్కటీ పెద్ద తప్పు కాకపోవచ్చు. కానీ యాభై ఎత్తుల పాటు చొరవ ఒక్కసారి కూడా మీ చేతికి రాలేదంటే ఏడు రాళ్ల ఆధిక్యం సగానికి పడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి మందు చెప్పడానికి తేలికే, చేయడానికి కష్టం. తెలుపు ఎత్తు వేసిన ప్రతిసారీ, జవాబు వెతకడానికి ముందు, నేను ఇక్కడ ఏమీ ఆడకపోతే ఏం జరుగుతుంది అని ప్రశ్నించుకోండి. ఒక గుంపు చచ్చిపోయేటట్టుంటే (అంటే తెలుపు దానిని చుట్టుముట్టి పట్టేసేటట్టుంటే), లేదా రెండు బలహీనమైన గుంపులుగా తెగిపోయేటట్టుంటే తప్పకుండా జవాబు ఇవ్వాలి. ఏడెనిమిది పాయింట్లు పోతాయంతే అనిపిస్తే, బోర్డు మీద అంతకన్నా పెద్ద చోటు ఇంకెక్కడైనా ఉందేమో చూడాలి. ఆరంభంలో అలాంటి చోటు ఉండకపోవడం అరుదు. నక్షత్ర బిందువు (బోర్డు మీద చుక్కతో గుర్తించిన చోటు) మీద ఉన్న మూల రాయిని తెలుపు సమీపించిన వెంటనే జవాబివ్వకుండా వదిలేసినా ఆ రాయి చావదు. తెలుపు రెండో వైపు నుంచి కూడా వచ్చినప్పుడు, రెండు తెల్ల రాళ్లలో బలంగా ఉన్నదానిని తాకి, పక్కకు సాగి, నడిమి వైపు తలెత్తితే సరిపోతుంది. ఆ తరువాత ఒంటరిగా మిగిలిన రెండో తెల్ల రాయి మీ దాడికి గురి అవుతుంది. మూలలో ముడుచుకుని బతకడాన్ని మాత్రం చివరి దిక్కుగానే ఉంచుకోండి. మూలలో చిక్కుకుని రెండు కళ్లు (ప్రత్యర్థి నింపలేని లోపలి ఖాళీలు) చేసుకున్న గుంపు బతికినట్టే గాని, దాని చుట్టూ లేచిన తెల్ల గోడ పక్కనున్న మీ మిగతా రాళ్లను చంపుతుంది.

ఏడు రాళ్ల అమరికలో నాలుగు మూలలతో పాటు ఎడమ, కుడి పక్కల నక్షత్ర బిందువులూ, నడిమి బిందువూ మీవే. పైనా కిందా ఉన్న పక్కలు మాత్రం ఖాళీ. కనుక తెలుపు సమీపించే దిశను బట్టి మీ జవాబు మారాలి. ఎడమ పక్కనో కుడి పక్కనో, అంటే మీ మూల రాయికీ పక్క రాయికీ మధ్యలోకి తెలుపు వస్తే, ఆ రాయి పుట్టుకతోనే ఇరుకున పడినట్టే. అక్కడ మూల రాయి నుంచి ఐమూలగా వచ్చి దానిని తాకే ఎత్తు, అంటే కొసుమి-త్సుకే, చాలా బాగుంటుంది. తెలుపు లేచి నిలబడక తప్పదు, అలా లేచాక అది కాళ్లు చాపుకునే చోటు లేని రెండు రాళ్ల బరువైన గుంపుగా మారుతుంది, దారికి అడ్డంగా మీ పక్క రాయి ముందే కూర్చుని ఉంటుంది. దాడి చేయదలచిన రాయిని తాకవద్దు, తాకితే అది బలపడుతుంది అని మీరు వినే ఉంటారు. ఆ మాట నిజమే. ఇక్కడ మాత్రం తాకడం వల్ల వచ్చే ఆ కాస్త బలం కన్నా, కాళ్లు చాపుకునే చోటు లేకుండా బరువెక్కడం వల్ల తెలుపుకు కలిగే ఇబ్బందే ఎక్కువ. అదే ఎత్తును ఖాళీగా ఉన్న పై పక్కన ఆడితే తెలుపు లేచి, సుఖంగా పక్కకు సాగి స్థిరపడుతుంది, అప్పుడు మీరే ఆయనకు సాయం చేసినట్టు అవుతుంది. ఖాళీ పక్క నుంచి తెలుపు వచ్చినప్పుడు మూల రాయి నుంచి పక్క రాయి వైపు ఒక గడి వదిలి దూకడం నాకు నచ్చిన జవాబు. అలా దూకిన రాయి నాలుగో గీత మీద ఎత్తుగా ఉండడం వల్ల పక్క రాయితోనూ నడిమి రాయితోనూ కలిసి పనిచేస్తుంది.

నడిమి రాయి గురించి ఇంకొంచెం చెప్పాలి. అది ఏ భూభాగాన్నీ చుట్టదు కాబట్టి చాలామందికి అది దండగగా అనిపిస్తుంది. కానీ మూలల నుంచి బయటికి పరుగెత్తే ప్రతి తెల్ల గుంపూ ఎప్పుడో ఒకప్పుడు నడిమికే చేరాలి, అక్కడ మీ రాయి ముందే నిలబడి ఉంటుంది. పైగా షిచో అనే నిచ్చెన పట్టు (ప్రతి ఎత్తుకూ పట్టే బెదిరింపుతో రాళ్లను మెట్లుమెట్లుగా తరమడం) ఐమూలగా బోర్డు అడ్డంగా సాగుతుంది కాబట్టి, నడిమి రాయి, ఎదురు మూల రాయి రెండూ మీవైనప్పుడు దాదాపు ప్రతి నిచ్చెనా మీకు అనుకూలంగానే ముగుస్తుంది. తెలుపు మిమ్మల్ని నిచ్చెనలో పట్టలేదు, మీరు తెలుపును పట్టగలరు. దీని అర్థం ఏమిటంటే, సమాన ఆటలో భయపడి వదిలేసే తెగింపు కోతలను కూడా ఇక్కడ మీరు ఆడవచ్చు. మీ మిత్రుడు రెండు రాళ్ల మధ్య సన్నని సందు వదిలి వేగంగా ఆడుతున్నాడంటే, మీరు కోయరన్న నమ్మకంతోనే అలా ఆడుతున్నాడు. ఆ నమ్మకాన్ని ఆటకు ఒక్కసారైనా పరీక్షించండి.

దాడి అన్నప్పుడు చంపడమని అర్థం చేసుకోకండి. హ్యాండిక్యాప్ తీసుకునేవారు రెండు రకాలు: ఎప్పుడూ దాడి చేయనివారు, దాడి మొదలుపెడితే ప్రాణం తీసేదాకా వదలనివారు. రెండో రకం వారు మొదటి రకం వారి కన్నా త్వరగా ఎదుగుతారని నా అనుభవం, అయినా వారి దారి కూడా సరైనది కాదు. మీకన్నా ఏడు స్థాయులు పైనున్న మనిషికి చావు బతుకుల లెక్క మీకన్నా చాలా బాగా తెలుసు, చిక్కుకున్న గుంపును ఆయన ఏదో విధంగా బతికించుకుంటాడు. దాడి ఉద్దేశం ఆ గుంపు పరుగెత్తుతూ ఉండగా మీరు లాభపడడం. తెలుపు బతకడానికి వేసే ప్రతి ఎత్తుకూ ఎదురుగా మీరు వేసే ఎత్తు ఒక పక్కను భూభాగంగా మార్చాలి, లేదా మీ బలహీనమైన గుంపును బలపరచాలి, లేదా ఇంకొక తెల్ల గుంపుకు దారి మూసేయాలి. దూరం నుంచి గుర్రపుగెంతు ఎత్తుతో కప్పినట్టు ఆడడం, తెల్ల గుంపును మీ గట్టి రాళ్ల వైపు తరమడం, తరిమేటప్పుడు అది మీరు కోరుకునే భూభాగం మీదుగా పోకుండా చూసుకోవడం అనే మూడు జాగ్రత్తలు పాటిస్తే గుంపు బతికిపోయినా మీకు నష్టం ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు బలహీనమైన తెల్ల గుంపుల మధ్యలో మీ రాళ్లు ఉండేటట్టు చూసుకోండి. ఒక గుంపును కాపాడే ఎత్తుతో రెండోదానిని కాపాడడం ఎంత బలమైన ఆటగాడికైనా కష్టమే.

మూడు-మూడు బిందువులో (మూలలో రెండు అంచుల నుంచీ మూడో గీతలు కలిసే చోట) తెలుపు చొరబడినప్పుడు ఏడు రాళ్ల స్థాయి వారు ఏ వైపు అడ్డుకోవాలో ఆలోచించకుండా అలవాటైన వైపు అడ్డుకుంటారు. చొరబాటు చిన్నదే, మూలలో తెలుపుకు పది పాయింట్లు దక్కడం కూడా పెద్ద విషయం కాదు. లేచిన గోడ ఏ దిక్కు చూస్తుందన్నదే విషయం. ఆ గోడ మీ పక్క రాయి వైపు చూస్తూ, దాని ఎదుట ఏదైనా తెల్ల రాయి నిలబడి ఉంటే మీరు లాభపడ్డారు. అది ఖాళీగా, తెలుపు స్థిరపడిపోయిన పక్క వైపు చూస్తే నష్టపోయారు.

మోసపు ఎత్తుల గురించి ఎక్కువ చెప్పను. బలమైన ప్రత్యర్థి ఆడాడు కాబట్టి అది మంచి ఎత్తే అయి ఉంటుందని అనుకోవడం హ్యాండిక్యాప్ ఆటలో సహజం, అది మాత్రం వదిలించుకోవలసిన ఆలోచన. ఏడు రాళ్లు ఇచ్చినవాడు మామూలు ఎత్తులతో గెలవడం కష్టమనుకుని కొంత అతిగా ఆడతాడు. అందువల్ల సమాన ఆటల కన్నా ఈ ఆటల్లోనే మీ ఎదుటివారి తప్పులు ఎక్కువగా ఉంటాయి. ఎత్తు మీకు వింతగా అనిపిస్తే సగం సందర్భాల్లో అది వింతైనదే. ఆగి, లెక్కపెట్టి, శిక్షించగలిగితే శిక్షించండి, లెక్క తేలకపోతే గట్టిగా కలుపుకుని ముందుకు సాగండి.

హ్యాండిక్యాప్ వల్ల ఆట పాడవుతుందన్నవారి వాదనలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. నాలుగు మూలలూ ముందే మీవి కావడం వల్ల ఖాళీ మూలను ఎలా తీసుకోవాలో, నక్షత్ర బిందువు కాకుండా కొమోకు (మూలలో మూడో, నాలుగో గీతలు కలిసే చోటు) వంటి చోట మొదలైన జోసెకిలు (మూలల్లో స్థిరపడిన ఎత్తుల వరుసలు) ఎలా సాగుతాయో మీకు తెలిసే అవకాశం తక్కువ. వెనుకబడి ఉన్నప్పుడు ఆటను ఎలా తిప్పుకోవాలన్నది కూడా నల్లరాళ్ల వైపు కూర్చుంటే అర్థం కాదు. కాబట్టి వారానికి ఆడే ఆటల్లో సగమైనా మీ స్థాయి వారితో సమానంగా ఆడండి. కానీ హ్యాండిక్యాప్ ఆట భయంగా ఆడడం నేర్పుతుందని కొందరు చెప్పే మాటను మాత్రం నేను ఒప్పుకోను. భయం రాళ్ల నుంచి రాదు, ప్రత్యర్థి పేరు నుంచి వస్తుంది. రాళ్లు లేకుండా అదే 3 క్యూ ఆటగాడితో ఆడితే మీరు ఇంకా ఎక్కువ భయపడతారు, పైగా 40 ఎత్తులకే ఓడిపోయిన ఆటను ఇంకో 200 ఎత్తులు లాగుతారు. అందులో నేర్చుకునేది చాలా తక్కువ. రాళ్లు ఉన్నప్పుడు 200వ ఎత్తు దగ్గర కూడా ఆట ఇంకా తేలకుండా ఉంటుంది, చివరి దశలో ఒక పాయింటు ఎత్తుకూ మూడు పాయింట్ల ఎత్తుకూ తేడా మీకు నిజంగా అనుభవమవుతుంది.

రాళ్లు తీసుకోవడం చిన్నతనమనుకునేవారికి ఈ ఆట చరిత్ర కొంచెం చెప్పాలి. కోమి 20వ శతాబ్దంలో స్థిరపడింది. అంతకు ముందు జపాన్‌లో వృత్తి ఆటగాళ్ల మధ్య కూడా స్థాయి తేడాను నల్లరాళ్లతో ముందు ఆడడం ద్వారా, లేదా రెండు రాళ్ల ద్వారా సర్దేవారు. 1846లో ఒసాకాలో 4 డాన్ స్థాయిలో (డాన్ అంటే క్యూకు పైనున్న స్థాయి, సంఖ్య పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది) ఉన్న యువ ఆటగాడు షూసాకు, 8 డాన్ గెన్నాన్ ఇన్‌సెకీతో మొదట రెండు రాళ్లతోనే ఆట మొదలుపెట్టాడు. రెండు రాళ్లు ఇచ్చి ఈ కుర్రవాడిని గెలవలేనని గ్రహించిన గెన్నాన్ ఆ ఆటను మధ్యలోనే ఆపేశాడు. తరువాతి ఆటలో షూసాకు రాళ్లేమీ లేకుండా నల్లరాళ్లతో ముందు ఆడి గెలిచాడు. చెవి ఎర్రబడిన ఆట అని పేరుపడింది ఆ రెండోదే. గో సెయిగెన్ అనే వృత్తి ఆటగాడు 1939 నుంచి 1956 వరకు ఆడిన పది ఆటల పోటీల్లో కూడా ఒకరు నాలుగు ఆటల ఆధిక్యం సాధిస్తే హ్యాండిక్యాప్ మారిపోయేది, తన కాలపు అగ్రశ్రేణి ఆటగాళ్లను ఆయన ఒకరి తరువాత ఒకరిని అలా కిందికి నెట్టాడు. కంప్యూటర్ల ఎదుగుదలను కూడా అందరూ రాళ్లతోనే కొలిచారు: 2008లో తొమ్మిది రాళ్లతో ఒక ప్రోగ్రాము వృత్తి ఆటగాడిని గెలిచింది, 2012లో జెన్ అనే ప్రోగ్రాము వృత్తి ఆటగాడు తకెమియా మసాకిని ఐదు రాళ్లతోనూ నాలుగు రాళ్లతోనూ గెలిచింది, 2013లో క్రేజీ స్టోన్ అనే ప్రోగ్రాము నాలుగు రాళ్లతో ఇంకో వృత్తి ఆటగాడు ఇషిదా యోషియోను గెలిచింది, 2016లో ఆల్ఫాగో అనే ప్రోగ్రాము రాళ్లేమీ లేకుండానే కొరియా అగ్రశ్రేణి ఆటగాడు లీ సెడోల్‌ను 4-1తో ఓడించింది. 2019 చివర లీ సెడోల్ తన వీడ్కోలు పోటీలో హాన్‌డోల్ అనే ప్రోగ్రాముతో ఆడినప్పుడు రాళ్లు తీసుకున్నది ఆయనే. రెండు రాళ్లతో మొదటి ఆట గెలిచాడు, సమానంగా ఆడిన రెండో ఆట ఓడాడు, మళ్లీ రెండు రాళ్లతో ఆడిన మూడో ఆట కూడా ఓడాడు. రెండు రాళ్ల ఆధిక్యాన్ని నిలుపుకోవడం అంతటి ఆటగాడికే కష్టమైతే, మీ 90 పాయింట్లు కరిగిపోవడం గురించి సిగ్గుపడవలసిన అవసరం లేదు.

రాళ్ల సంఖ్యను మాత్రం ఎప్పుడూ ఒకేచోట ఉంచకండి. వరుసగా మూడు ఆటలు గెలిస్తే ఒక రాయి తగ్గించాలి, వరుసగా మూడు ఓడితే ఒకటి పెంచాలి అని మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. మీరు ఎక్కువగా ఓడిపోతున్నారని రాశారు కనుక ఇప్పుడు ఎనిమిది రాళ్లకు వెళ్లడమే మంచిది. అమెచ్యూర్ స్థాయుల్లో ఒక స్థాయికి ఒక రాయి అన్నది ఉజ్జాయింపు సూత్రం మాత్రమే, ఇద్దరు మనుషుల మధ్య అది ఒకటి రెండు రాళ్లు అటూ ఇటూ కావడం మామూలే. నిజమైన కొలత మీ ఇద్దరి ఫలితాలే. ఇద్దరికీ దాదాపు సమానంగా గెలుపు అవకాశాలు ఉన్నచోట ఆడే ఆటే రెండు వైపులా నేర్పుతుంది.

సంఖ్య మారినప్పుడు ఆట స్వభావం కూడా మారుతుంది, ఇది చాలామంది గమనించరు. ఎనిమిది రాళ్లలో నాలుగు పక్కలూ మీవే గాని నడిమి ఖాళీ, కాబట్టి తెలుపు పరుగెత్తే దారి తెరిచి ఉంటుంది, ఆ దారి మూయడమే మీ పని. ఏడులో నడిమి వచ్చి రెండు పక్కలు పోతాయి. ఆరులో ఎడమ, కుడి పక్కలే మిగులుతాయి. ఐదులో పక్కలన్నీ పోయి మూలలతో పాటు నడిమి రాయి ఒక్కటే ఉంటుంది, అక్కడి నుంచి ఏ పక్కకు ఎప్పుడు సాగాలో మీరే నిర్ణయించుకోవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మెట్టు ఆరు నుంచి నాలుగుకు దిగడం. నాలుగు రాళ్ల ఆటలో దాడికి తోడుగా ముందే నిలబడిన రాయి ఎక్కడా ఉండదు, పిన్సర్ (తెల్ల రాయిని రెండో వైపు నుంచి ఇరికించే ఎత్తు) వేయాలంటే మీరే వేయాలి, కాబట్టి అప్పటి వరకు చేసిన దాడుల వెనుక ఉన్న కారణం అర్థమైందో లేదో అక్కడ తేలిపోతుంది. మూడు రాళ్ల దగ్గర ఒక మూల ఖాళీ అవుతుంది, తెలుపు సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడుతుంది, అది దాదాపు సమాన ఆటలాగే సాగుతుంది. ఎదురెదురు మూలల్లో రెండు రాళ్లున్న ఆటను ఆరంభం తెలియకుండా గెలవలేరు.

తెల్లరాళ్లతో కూడా ఆడండి. మీకన్నా నాలుగైదు స్థాయులు కింద ఉన్నవారికి రాళ్లు ఇచ్చి ఆడితే, మీ మిత్రుడు మీ ఎదుట కూర్చుని ఏం చూస్తున్నాడో మీకు తెలుస్తుంది. నలుపు ఎక్కడ అనవసరంగా జవాబిస్తున్నాడో ఆ వైపు నుంచి స్పష్టంగా కనిపిస్తుంది, తరువాతి ఆటలో మీరు అదే పని చేయబోతున్నప్పుడు చేయి ఆగుతుంది. తెలుపుగా ఆడేటప్పుడు మోసపు ఎత్తులతో గెలవడం తేలికే గాని దాని వల్ల మీకు ఏమీ రాదు. సమాన ఆటలో ఆడే ఎత్తులనే ఆడుతూ, గుంపులను తేలికగా ఉంచుతూ, చచ్చిన రాళ్లలో మిగిలిన అజిని (తరువాత వాడుకోగల అవకాశాన్ని) వెంటనే ఖర్చు పెట్టకుండా దాచి ఉంచుతూ, నలుపు ఖాళీలు వదిలే దాకా ఓపిక పట్టండి. పైన చెప్పిన ముప్పావు పాయింటు లెక్క ఇక్కడ మీ వైపు పనిచేస్తుంది.

ఆట ముగిశాక కంప్యూటరుతో పరిశీలించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఏడు రాళ్ల ఆటలో నలుపు గెలుపు శాతం మొదటి నుంచీ నూరుకు దగ్గరగానే ఉంటుంది, కాబట్టి ఆ శాతాన్ని చూస్తే సగం ఆట దాకా మీరు ఏ తప్పూ చేయనట్టే కనిపిస్తుంది. పాయింట్ల తేడాను చూడండి. కేటాగో అనే ప్రోగ్రాము ఆ అంచనాను నేరుగా చూపిస్తుంది, వేర్వేరు కోమిలతోనూ హ్యాండిక్యాప్‌లతోనూ శిక్షణ పొందింది కనుక ఇలాంటి స్థితుల్లో దాని మాట నమ్మవచ్చు. ఒకే కోమితో మాత్రమే శిక్షణ పొందిన పాత ప్రోగ్రాములు తెల్లరాళ్లతో హ్యాండిక్యాప్ ఆట ఆడితే, ముందే ఓడిపోయామనుకుని అర్థం లేని ఎత్తులు వేయడం కద్దు. పాయింట్ల గీత ఒక్కసారిగా పది కన్నా ఎక్కువ పడిన చోట్లు రెండో మూడో గుర్తించి, ఆ చోట్ల మీరు ఏం ఆలోచించారో గుర్తు తెచ్చుకోండి. కంప్యూటరు సూచించిన ఎత్తు మీకు అర్థం కాకపోతే వదిలేయండి. మీ స్థాయిలో ఆ పెద్ద పతనాల్లో ఎక్కువ భాగం చావు బతుకుల లెక్క తప్పడం వల్ల వచ్చేవే, వాటికి మందు రోజూ కొన్ని తేలికైన చావు బతుకుల సమస్యలు సాధించడమే.

స్కోరు లెక్కించే పద్ధతి కూడా ముందే తేల్చుకోండి. చైనా పద్ధతిలో బోర్డు మీది రాళ్లు కూడా లెక్కకు వస్తాయి కాబట్టి, హ్యాండిక్యాప్ రాళ్లకు సరిపడా పాయింట్లను తెలుపుకు తిరిగి ఇచ్చే ఆనవాయితీ ఉంది. అమెరికన్ నియమాల్లో ఆ పరిహారం ఒకటి తక్కువ. జపాన్ పద్ధతిలో ఈ సమస్యే రాదు. అర పాయింటుతో ఓడిపోయిన ఆట తరువాత ఈ వాదన మొదలైతే స్నేహానికి మంచిది కాదు.

ఇకపై కొన్ని ఆటల పాటు ఎనిమిది రాళ్లతో ఆడుతూ ఒక్క నియమం పెట్టుకోండి: మొదటి యాభై ఎత్తుల్లో కనీసం మూడుసార్లు తెలుపు ఎత్తుకు అక్కడే జవాబివ్వకుండా ఇంకోచోట ఆడాలి, అందులో ఒకటైనా రెండు తెల్ల గుంపులను విడదీసే ఎత్తు కావాలి. మొదట్లో ఇలా ఆడినందుకు కొన్ని మూలలు పోతాయి, పోనివ్వండి. తొమ్మిది రాళ్లు తీసుకున్నా మీరు ఓడిపోయేంత బలమైన ప్రత్యర్థి ఎదురైతే మాత్రం పెద్ద బోర్డు మీద రాళ్లు ఇంకా పెంచకండి, 13×13 బోర్డుకు మారండి. అక్కడ ఒక్కొక్క రాయి పెద్ద బోర్డు మీది రెండు మూడు స్థాయుల తేడాను సర్దుతుంది, ఆట కూడా త్వరగా ముగిసి ఒకే విడతలో రెండు మూడు ఆటలు ఆడే వీలుంటుంది.